‘వద్దు’ కూడా ఎదుగుదలే

నిన్నటిదాకా ఎవరు చేతులు చాపినా వెళ్లిన బిడ్డ ఇవాళ అమ్మ కొంగు వదలడు. నోట్లో పెట్టిన ముద్ద ఉమ్మేస్తాడు. చొక్కా తొడగబోతే చేతులు వెనక్కి లాక్కుంటాడు. ఏది ముట్టుకున్నా ‘నాది’ అంటాడు, ఏది అడిగినా ‘వద్దు’ అంటాడు. రెండేళ్లు నిండని పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఇదే వరస. నందిగాం, టెక్కలి, పలాస ప్రాంతాల్లో గృహ దర్శనాలకు వెళ్లినప్పుడు తల్లులు, నాయనమ్మలు తరచూ చెప్పుకునే మాట ఇది: ‘గుంటడు మొండికేస్తున్నాడు అయ్యగారూ, ప్రార్థన చెయ్యండి’. తప్పకుండా చేయాలి. అయితే ఏమని? ఆ మనసు విరిగిపోవాలనా, సరిగా పెరగాలనా?

సంఘ చరిత్రలో ఇది పాత ప్రశ్నే. ఇంకా మాటలు రాని పసివాడు తన పాలు పంచుకుంటున్న మరో శిశువును అసూయతో చూడటం తాను గమనించానని భక్తుడైన అగస్టీన్ రాశాడు. మానవ స్వభావంలో పాపం ఎంత లోతుగా ఉందో చెప్పడానికి దాన్ని ఉదాహరణగా చూపాడు. పందొమ్మిది మంది బిడ్డలను కన్న సుసన్నా వెస్లీ, 1732లో కుమారుడు జాన్ వెస్లీకి రాసిన ఉత్తరంలో, పిల్లల చిత్తాన్ని మొదటే లోబరచాలని చెప్పింది. ఏడాది నిండేసరికి ఆమె పిల్లలు బెత్తానికి భయపడటం, గట్టిగా ఏడవకుండా ఉండటం నేర్చుకున్నారు. ఆమె భక్తిని, క్రమాన్ని గౌరవిద్దాం. కానీ ఏడాది బిడ్డ ‘వద్దు’ను తిరుగుబాటుగా లెక్కించే ముందు, ఆ వయసులో లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవాలి.

బిడ్డ ముక్కు మీద రంగు చుక్క పెట్టి అద్దం ముందు నిలబెట్టండి. ఏడాది బిడ్డ అద్దంలోని బొమ్మను తడుముతాడు. ఏడాదిన్నర, రెండేళ్ల మధ్య చాలామంది పిల్లలు తమ ముక్కునే తడుముకుంటారు. ‘అది నేనే’ అని తెలిసింది! ‘నేను’ అని తెలిశాకే ‘నాది’ అనీ ‘వద్దు’ అనీ వస్తాయి. మనం చెప్పేది చాలావరకు అర్థమవుతుంది, తిరిగి చెప్పడానికి మాటలు చాలవు. కోపాన్ని అదుపు చేసుకునే శక్తి మెదడులో ఇంకా ఎదగలేదు. అందుకే నేలమీద పడి పొర్లుతాడు. అది మనమీద పగ కాదు.

ఆ వయసులోనే మరొకటి కూడా మొలుస్తుంది. 2006లో వార్నెకెన్, టొమసెల్లో అనే పరిశోధకులు ఏడాదిన్నర పిల్లల ముందు వస్తువులు జారవిడిచి, అందుకోలేనట్టు చేయి చాపారు. ఎవరూ అడగకుండానే, ఏ బహుమానం లేకుండానే చాలామంది పిల్లలు వెళ్లి వాటిని అందించారు. ‘నాది’ అనే చేయే ‘ఇదిగో’ అని కూడా ఇస్తుంది. అగస్టీన్ చూసిన అసూయా నిజమే, ఈ దయా నిజమే. దేనికి నీళ్లు పోస్తామన్నదే మన బాధ్యత.

యెషయా 7:15, 16 వచనాలు చూడండి. ఇమ్మానుయేలును గూర్చిన ఆ ప్రవచనం, చెడ్డదాన్ని కాదని మంచిదాన్ని ఎంచుకునే తెలివి పిల్లవానికి ఒక వయసులో వస్తుందని చెబుతుంది. కాదనడం చేతకానివాడు చెడును కాదనలేడు. ఇరవై ఏళ్లకు మద్యాన్ని, కట్నాన్ని ‘వద్దు’ అనాల్సిన నోరే ఇప్పుడు అన్నం ముద్దను ‘వద్దు’ అంటోంది. ఆ నోటిని ఇప్పుడే నొక్కేస్తే అప్పుడెలా తెరుచుకుంటుంది?

మరి సామెతలు 13:24లోని బెత్తం మాటేమిటి అంటారా? అక్కడున్న హెబ్రీ మాట ‘షేబెత్’. దావీదుకు ధైర్యమిచ్చిన 23వ కీర్తనలోని కాపరి కర్ర కూడా అదే మాట. మందను లెక్కించేటప్పుడు గొర్రెలు దాని కిందుగానే నడుస్తాయి (లేవీ 27:32). శిక్షణ వద్దని వాక్యం అనడం లేదు. శిక్షణ కాపరి చేతిలో ఉండాలంటుంది. పొయ్యి దగ్గర, నూతి దగ్గర, హైవే పక్కన మన ‘వద్దు’ గట్టిగా ఉండాలి. మిగతా చోట్ల రెండు చొక్కాలు చూపి ‘ఏది కావాలి నాన్నా?’ అని అడిగితే సగం పోరు తగ్గుతుంది. నలుగురిలో ‘మొండిఘటం’ అని పేరు పెట్టకండి. పిల్లలు మనం పిలిచిన పేరుకే తగ్గట్టు పెరుగుతారు.

మన ప్రాంతంలో మరో కష్టం ఉంది. తల్లి పొద్దున్నే జీడి పరిశ్రమకు వెళుతుంది, తండ్రి వలస పోయి దూరాన ఉంటాడు. బిడ్డ నాయనమ్మ చేతిలో, ఆమె చేతిలో ఫోను. దూరాన ఉన్న తండ్రితో వీడియో కాల్ మంచిదే. ముద్ద దిగడానికి బొమ్మల వీడియోలు మాత్రం వద్దు. రెండేళ్లలోపు పిల్లలను తెరల ముందు కూర్చోబెట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఏడాదిన్నరకు వేలుపెట్టి చూపకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలిపి ‘అమ్మా దా’ అనలేకపోయినా, వచ్చిన మాటలు పోయినా అంగన్‌వాడీలో చెప్పి వైద్యునికి చూపించండి. ప్రార్థన, వైద్యం రెండూ దేవుడిచ్చినవే.

సంఘాలకూ ఒక మనవి. బిడ్డ ఏడ్చినప్పుడల్లా తల్లి ఆరాధనలోంచి లేచి బయట చెట్టుకింద నిలబడుతుంది. అలా రెండేళ్లు ఆమెకు వాక్యం దూరమవుతుంది. లూకా 18:15లో ప్రభువు దగ్గరకు తెచ్చినవారిని గ్రీకులో ‘బ్రెఫే’ అన్నారు, అంటే చంటిబిడ్డలు. అడ్డుకున్నది శిష్యులే, రానిమ్మన్నది ప్రభువు. గుడిలో వెనుక ఒక చాప పరచి, పెద్దమ్మలు ఇద్దరు వంతులవారీగా కూర్చుంటే చాలు.

హన్నా ఏటేటా సమూయేలుకు కొత్త అంగీ కుట్టి తీసుకెళ్లేది (1 సమూ 2:19). బిడ్డ ఎదిగాడు కాబట్టి కొలత మార్చింది, అంగీకి సరిపోవాలని బిడ్డను కుదించలేదు. ప్రభువైన యేసు కూడా జ్ఞానంలో, వయసులో అంచెలంచెలుగానే ఎదిగాడు (లూకా 2:52). ఎఫ్రాయిముకు చేతులు పట్టుకుని నడక నేర్పానని హోషేయ ద్వారా చెప్పిన దేవుడు తడబడే అడుగులను ఎరుగును. ఆ తండ్రి ఓర్పును మనకూ అనుగ్రహించును గాక!