మీకు తెలుసా? కిచిడీలో గంజి ఎక్కడికీ పోదు

నల్లగొండ, మహబూబ్‌నగర్ ఇళ్లలో కిచిడీ అంటే బియ్యం, పెసరపప్పు కలిపి ఒకే గిన్నెలో ఉడికించి, పక్కన పచ్చిపులుసు పెట్టుకునేది. బియ్యపు మాంసకృత్తుల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పులో అది దండిగా ఉంటుంది. పప్పులో తక్కువైన మిథియోనిన్‌ను బియ్యం పూరిస్తుంది. మూడు పాళ్ల బియ్యానికి ఒక పాలు పప్పు పడితే ఈ జత బాగా కుదురుతుంది. వంద గ్రాముల పచ్చి పెసరపప్పులో సుమారు 24 గ్రాముల మాంసకృత్తులుంటే, బియ్యంలో 7–8 గ్రాములే.

గంజి వార్చరు కాబట్టి నీళ్లలోకి దిగిన బి విటమిన్లు గిన్నెలోనే ఉండిపోతాయి. అయితే నల్లగొండలో దీనికి మరో ముఖం ఉంది: ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లతో వండితే అదీ గిన్నెలోనే మిగులుతుంది. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. అక్కడ కిచిడీకి ఎసరు ఏ నీళ్లతో పెట్టారన్నదీ పోషణ లెక్కలోకే వస్తుంది.

పచ్చిపులుసు రుచికి మాత్రమే కాదు. ఉడికించకుండా పిసికి కలిపే ఉల్లిగడ్డ, కొత్తిమీరల్లోని సి విటమిన్ వల్ల పప్పులోని ఇనుము ఒంటికి మెరుగ్గా పడుతుంది.