తల్లులకు మలిచదువు

విద్యకు నిర్ణీతమైన వయస్సు ఉన్నదని లోకం భావిస్తుంది. ఆ వయస్సులో పెండ్లి జరిగి, బిడ్డను ఎత్తుకొన్న బాలికకు బడిదారి మూసుకొనిపోతుంది. చదువు మీద ఆమెకు ఆసక్తి నశించడం దీనికి కారణం కాదు. బడివేళలు ఆమె ఇంటివేళలతో పొసగకపోవడమే ప్రధాన కారణం.

హైదరాబాదు పాతబస్తీలో, మూసీనది చేరువన ఉన్న కిషన్‌బాగ్ జనసమ్మర్దం గల ప్రాంతం. ఇటువంటి పేటలోని ఒక నిరుపేద తల్లి దినచర్యను ఊహించుకొందాం. నల్లా నీళ్ళు పట్టడంతో ఆమెకు తెల్లవారుతుంది. వంట, పసిబిడ్డ పోషణ, పెద్దల సేవ, నాలుగు రూపాయలు తెచ్చే చేతిపని ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఉదయం మొదలై సాయంత్రం ముగిసే తరగతి ఆమెకు అందని మ్రానిపండు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 20-24 ఏళ్ళ స్త్రీలలో 23.5 శాతం మందికి పద్దెనిమిదేళ్ళు నిండకముందే వివాహమైంది. కనుక ఇది ఏ ఒక్క పేటకో పరిమితమైన సమస్య కాదు.

ఈ కష్టాన్ని తన జీవితం ద్వారా గ్రహించిన మహనీయురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆమె 1909లో రాజమండ్రిలో జన్మించింది. ఎనిమిదేళ్ళకే వివాహం జరిగింది. యుక్తవయస్సు వచ్చాక ఆ బంధం నుండి విముక్తి పొంది, ఆగిన చదువును పట్టుదలతో కొనసాగించి న్యాయవాది అయింది. మద్రాసులో స్త్రీలను బెనారస్ మెట్రిక్యులేషన్ పరీక్షకు సిద్ధపరిచింది. ఆ కృషి నుండే 1937లో ఆంధ్ర మహిళా సభ రూపుదిద్దుకొన్నది. ఆమె కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలు. ఆ మండలి 1958లో వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాక్రమాన్ని ప్రారంభించింది. అనేక ఏళ్ళ చదువును రెండేళ్ళలో పూర్తిచేయించి, స్త్రీలను ఉపాధ్యాయినులుగా, నర్సులుగా, గ్రామసేవికలుగా తీర్చిదిద్దడం దాని ఆశయం. చదువు చివర జీవనోపాధి కనిపించడం అందులోని విశేషం.

కాలక్రమంలో మరొక మార్గం ఏర్పడింది. 1991లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం స్థాపితమైంది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణకు ప్రత్యేక విద్యాపీఠం వచ్చింది. ఇందులో గరిష్ఠ వయఃపరిమితి లేదు. పాఠ్యాంశాలన్నింటినీ ఒకేసారి ఉత్తీర్ణం కానక్కరలేదు. ఐదేళ్ళ గడువులో విడివిడిగా పూర్తిచేయవచ్చు. పురుడు వచ్చిన ఏడాది ఆగి, మరుసటి ఏడాది తిరిగి పరీక్ష వ్రాయవచ్చు. తెలుగుతో పాటు ఉర్దూ మాధ్యమం కూడ ఉండడం పాతబస్తీ స్త్రీలకు అనుకూలం.

ఆఫ్రికా ఖండంలోనూ ఈ సమస్య తీవ్రమైనదే. గర్భవతులైన బాలికలను బడినుండి తొలగించే ఆచారం కొన్ని దేశాలలో చిరకాలం సాగింది. జాంబియా 1997లోనే వారు తిరిగి బడికి వచ్చే విధానాన్ని ప్రకటించింది. సియెర్రా లియోన్ 2020లో, టాంజానియా 2021లో నిషేధాలను తొలగించాయి.

అయితే తలుపు తెరిచినంతమాత్రాన లోపలికి నడవడం సులభం కాదు. పరీక్షవేళ బిడ్డను ఎవరు చూస్తారు? రుసుము ఎవరు చెల్లిస్తారు? అంగన్‌వాడీ, ఇంటికి దగ్గరలో తరగతి, మధ్యాహ్న విరామవేళ బోధన, అన్నిటినీ మించి అత్తింటివారి సమ్మతి అవసరం. అక్షరం నేర్చిన తల్లి మందుచీటీ చదువుతుంది, బిడ్డకు తొలి గురువవుతుంది. ఆమె చదువుకు వేళ కల్పించడం దయ కాదు, సమాజం తీర్చవలసిన ఋణం.