మొక్కజొన్న పాలజావ

మొక్కజొన్నకు పుట్టినిల్లు మెక్సికో దేశము. అమెరికాలో లేతకండెల గింజలకు బంగాళాదుంపలు, పాలు చేర్చి ‘చౌడర్’ అను చిక్కని జావ కాచుదురు. మన యిండ్లలోను దీనిని సులభముగా చేసికొనవచ్చును.

కండెలను కోసిన దినముననే వండవలెను. నిలువయున్నకొలది గింజలోని చక్కెర పిండిగా మారి తీపి తగ్గును. ఐదుగురికి ఆరు కండెలు, రెండు దుంపలు, ఒక నీరుల్లి, అర లీటరు పాలు చాలును. గింజ లొలిచిన కండెలను పారవేయక లీటరు నీటిలో అరగంట మరిగించినచో వాని రుచి నీటికి దిగును. వెన్నలో ఉల్లిని వేయించి, ఆ నీరు, దుంపముక్కలు, గింజలు వేసి ఉడికింపవలెను. గుప్పెడు గింజలు రుబ్బి కలిపిన చిక్కబడును. కడపట పాలుపోసి, పొంగనీయక దింపి, ఉప్పు, మిరియపుపొడి చల్లవలెను.

పాలు మానరాదు. మొక్కజొన్నలోని నయాసిన్ అను విటమిను దేహమునకు చక్కగా అందదు. ప్రధానముగా దానిపైననే బ్రతికిన అమెరికా దక్షిణరాష్ట్రముల బీదలు వేలకొలది పెల్లాగ్రా వ్యాధిచే మరణించిరి. ఆహారలోపమే దానికి మూలమని డాక్టరు జోసెఫ్ గోల్డ్‌బర్గర్ 1915లో నిరూపించెను. పాలు, పప్పు ఆ లోపమును తీర్చును.

కావున పాలన్నియు సంఘమునకు పోసి బిడ్డలకు వట్టి గటక పెట్టుట లాభము కాదు. ముందు అర లీటరు ఇంట నుంచి, తక్కినది పోయుడు.