ఎత్తు పెంచితే సరిపోదు!
బస్తర్ దారుల్లో ఖరీదైన వాహనాలకు సస్పెన్షన్ పరీక్ష

జగదల్‌పూర్: విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నం నుంచి భద్రాచలం, చింతూరు, కుంట మీదుగా వచ్చే 30వ నంబరు జాతీయ రహదారి ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ అడవులను చీల్చుకుంటూ రాయపూర్ వైపు సాగుతుంది. చిత్రకోట్, తీరథ్‌గఢ్ జలపాతాలను చూసేందుకు తెలుగువారు ఈ మార్గంలోనే సొంత వాహనాల్లో తరలివెళుతుంటారు. రహదారి దిగి అడవి బాట పట్టగానే ఎర్రమట్టి గాళ్లు, రాళ్లు తేలిన వాగులు ఎదురవుతాయి. వాహనం అడుగు భాగం రాతికి తగిలిన చప్పుడు వినగానే యజమానికి కలిగే మొదటి ఆలోచన, బండి ఎత్తు పెంచాలని. అయితే ఏ భాగాలు మార్చాలన్నది తెలియకుండా ఆ పనికి పూనుకుంటే ప్రయోజనం కంటే ప్రమాదమే ఎక్కువ.

ఎత్తు పెంచడమన్నది ఇక్కడి వారికి కొత్త కాదు. మహీంద్రా సంస్థ 1949లో విల్లీస్ జీపుల కూర్పు ప్రారంభించిన నాటి నుంచి అటవీ ప్రాంతాలకు జీపే వాహనం. బరువుకు వెనుక భాగం కుంగితే కమాను కట్టలో మరో పట్టీ చేర్చడం మెకానిక్కుల పాత చిట్కా. నేటి ఖరీదైన వాహనాలకు ఈ చిట్కా పనికిరాదు. ల్యాండ్ క్రూయిజర్ వంటి వాహనాల్లో ముందు చక్రాలు దేనికవి విడిగా కదులుతాయి. వెనుక మాత్రం రెండు చక్రాలను కలిపే గట్టి ఇరుసు, చుట్ల స్ప్రింగులు ఉంటాయి.

ముందు స్ప్రింగులు, తర్వాతే ఎత్తు

భాగాల ఎంపికలో తొలి ప్రశ్న ఎన్ని అంగుళాలన్నది కాదు, ఎంత బరువన్నది. ఇనుప బంపరు, పైకప్పు మీద సామాను, అదనపు ఇంధనం నిత్యం మోసే బండికి గట్టి స్ప్రింగులు అవసరం. అవే స్ప్రింగులను ఖాళీ బండికి బిగిస్తే అది గుంతల్లో ఎగిరెగిరి పడుతుంది. 1975లో ఆస్ట్రేలియాలో స్థాపితమైన ఏఆర్‌బీ వంటి సంస్థలు ఒకే వాహనానికి బరువును బట్టి వేర్వేరు స్ప్రింగులు తయారుచేయడానికి కారణమిదే. స్ప్రింగు మారినప్పుడు దాని పొడవుకూ, గట్టిదనానికీ సరిపడే షాక్ అబ్జార్బర్లూ మారాలి. పాత స్ప్రింగు పైన దిమ్మ పెట్టి ఎత్తు సాధించే చౌక పద్ధతిలో చక్రం కిందికి దిగే వెసులుబాటు తగ్గిపోతుంది.

సాధారణంగా రెండు అంగుళాలు, అంటే 50 మిల్లీమీటర్ల పెంపు మంచి హద్దుగా భావిస్తారు. అంతకు మించితే ముందు చక్రాలకు శక్తినందించే ఇరుసు కీళ్లు ఎక్కువ కోణంలో తిరిగి త్వరగా అరుగుతాయి. చక్రాల వాలు తప్పకుండా మార్చిన పై కంట్రోల్ ఆర్మ్‌లు, వెనుక ఇరుసు పక్కకు జరగకుండా సర్దుబాటు చేయగల పాన్‌హార్డ్ రాడ్డు, పొడవైన బ్రేకు గొట్టాలు అమర్చవలసి వస్తుంది. పని ముగిశాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి.

మరొక విషయం గమనార్హం. స్ప్రింగులు మార్చినా వెనుక ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్ అంగుళమైనా పైకి లేవదు. రాయి మొదట తగిలేది దానికే. దానిని లేపగలిగేది పెద్ద టైర్లు మాత్రమే. టైరు వ్యాసం రెండంగుళాలు పెరిగితే ఇరుసు లేచేది ఒక్క అంగుళమే. 2020లో భారత విపణిలోకి వచ్చిన కొత్త డిఫెండర్‌లో నాలుగు చక్రాలూ విడివిడిగా కదులుతాయి. గాలి స్ప్రింగులు అమర్చిన రకాల్లో మీట నొక్కితే నేల నుంచి ఎత్తు 291 మిల్లీమీటర్ల వరకు పెరుగుతుంది. అటువంటి బండికి విడి భాగాలతో పని లేదు.

చట్టం ఏమంటోంది?

ఎత్తు పెరిగిన కొద్దీ బండి గరిమనాభి పైకి జరుగుతుంది. అడవి బాటలో అక్కరకొచ్చిన ఎత్తే కేశ్‌కాల్ ఘాట్ మలుపుల్లో, పైకప్పు మీద బరువుతో వేగంగా తిరిగే బండికి ముప్పు కాగలదు. ఉత్పత్తిదారు నిర్దేశించిన ప్రమాణాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ వినీత్ సరన్‌లతో కూడిన సుప్రీంకోర్టు ధర్మాసనం 2019 జనవరి 9న తీర్పు చెప్పింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు రూ.5,000 జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. కాబట్టి భాగాలు కొనడానికి ముందే రవాణా శాఖ కార్యాలయంలోనూ, బీమా సంస్థ వద్దా విచారించుకోవడం శ్రేయస్కరం.

ఎంత ఎత్తు బండికైనా చేరలేని పల్లెలు బస్తర్‌లో ఉన్నాయి. నారాయణ్‌పూర్ జిల్లాలో అటువంటి పల్లెల నుంచి గర్భిణులను ఆస్పత్రికి చేర్చడానికి 2010 దశకంలో ప్రవేశపెట్టినవి పెద్ద జీపులు కావు, పక్కన తొట్టె అమర్చిన మోటారు సైకిళ్లు.