కారు కింద ఆ టకటక ఏమిటి?

కుక్కర్ విజిల్ కాస్త తేడాగా వస్తే పక్క గదిలో ఉన్నా మనకు తెలిసిపోతుంది. మిక్సీ చప్పుడు మారితే జారులో గింజ ఇరుక్కుందో, బ్లేడు దగ్గర బుష్ అరిగిందో చెవితోనే చెప్పేస్తాం. కారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ చెవి మీద మనకే నమ్మకం ఉండదు. ‘ఏదో చప్పుడొస్తోందండీ’ అని ఇంట్లో ఒకసారి, మెకానిక్ దగ్గర ఒకసారి అంటాం. ‘పాత బండి కదా, వస్తుందిలెండి’ అంటారు వాళ్ళు. పాతదైనంత మాత్రాన కారు చప్పుడు చేసి తీరాలని ఏమీ లేదు. కింద ఏదో ఒక భాగం వదులైతేనే చప్పుడొస్తుంది.

అల్లవరంలో మా పిన్నికి పద్దెనిమిదేళ్ళనాటి చిన్న కారుంది. బాబాయికి ఒంట్లో బాగోలేకపోవడంతో స్టీరింగు పిన్ని చేతికొచ్చింది. వారానికి రెండుసార్లు ఆయన్ని డయాలిసిస్‌కి అమలాపురం తీసుకెళ్ళి తీసుకురావాలి. దారిలో కారు ఆగిపోతే ఎలాగన్న భయం ఆమెకి ఎప్పుడూ ఉండేదే. అలాంటిది కిందటేడు ముందు ఎడమవైపు నుంచి ‘టక్... టక్‌టక్’ అని మొదలైంది. కాలువ గట్టు రోడ్డు మీద మెల్లగా వెళ్తుంటే వస్తుంది, పెద్ద రోడ్డెక్కితే మాయమవుతుంది. ‘ఆయ్, షాకబ్జర్లు పోయాయండి’ అన్నాడు మొదటి మెకానిక్. రెండూ మార్చారు. చప్పుడు పోలేదు. రెండో గ్యారేజీలో ఇంజన్ మౌంటింగ్ అన్నారు. అదీ అయింది. మూడోచోట స్టీరింగ్ ర్యాక్ మొత్తం మార్చాలన్నారు. ఆ లెక్క విన్నాక పిన్ని కారు వెనక్కి తిప్పుకొచ్చి, నోటుబుక్కు తీసింది.

కింద ఏముంటాయి?

చక్రానికీ కారు బాడీకీ మధ్య ఉండే అమరికంతా కలిపి సస్పెన్షన్. గోతిలో పడ్డప్పుడు కుదుపుని మింగేది స్ప్రింగు. దాన్ని అలా వదిలేస్తే ఊగుతూనే ఉంటుంది కాబట్టి, ఆ ఊపుని ఆపడానికి షాకబ్జర్. దాని లోపల నూనె ఉంటుంది. ఆ నూనె సన్నని రంధ్రాల్లోంచి మెల్లగా దూరుతుంటే ఊగడం తగ్గిపోతుంది. మన చిన్న కార్లలో ముందువైపు ఈ రెండూ ఒకే గొట్టంలా కలిసి ఉంటాయి. దాన్ని స్ట్రట్ అంటారు. 1940లలో ఎర్ల్ మెక్‌ఫెర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు రూపొందించిన పద్ధతి అది. చౌక, చోటు తక్కువ పడుతుంది, అందుకే చిన్న కార్లకి బాగా నప్పింది.

చక్రాన్ని కిందనుంచి పట్టుకునేది లోయర్ ఆర్మ్. దాని ఒక చివర రబ్బరు బుష్‌లు, రెండో చివర బాల్ జాయింట్. ఇవి కాక, మలుపుల్లో కారు ఒక పక్కకి ఒరిగిపోకుండా ఎడమ కుడి చక్రాల్ని కలుపుతూ ఒక కడ్డీ ఉంటుంది. అది స్టెబిలైజర్ బార్. దాన్ని చక్రం వైపు బిగించే చిన్న ముక్కలు లింకు రాడ్లు. కొన్ని పాత మోడళ్ళలో లింకులుండవు, బార్ నేరుగా లోయర్ ఆర్మ్‌లోకే వెళ్తుంది. అప్పుడు అక్కడి రబ్బరు బుష్‌ని చూసుకోవాలి.

రబ్బరు సంగతి మనకి కొత్త కాదు. కుక్కర్ గాస్కెట్ వాడకుండా అలమారలో పెట్టినా కొన్నేళ్ళకి బిరుసెక్కి పగులుతుంది కదా! బుష్‌లూ అంతే. ‘మా కారు ఎక్కువ తిరగలేదండీ’ అన్నంత మాత్రాన అవి కొత్తగా ఉండిపోవు. పైగా కోనసీమలో ఇంకో రెండు ఇబ్బందులున్నాయి. మన ఒండ్రు బంకమట్టి నేల తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోతుంది. దాంతో పైనున్న రోడ్డు అలలు తేలుతుంది, అంచులు దిగిపోతాయి. ఓడలరేవు వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి రెండోది. జాయింట్ల మీది రబ్బరు తొడుగు కాస్త చిరిగితే చాలు. లోపలికి నీళ్ళు, బురద చేరి, గ్రీజు పోయి, తుప్పు పడుతుంది. ఆ తర్వాత జాయింటు ఆడడం మొదలెడుతుంది.

నోటుబుక్కు పరీక్షలు

పిన్ని ముందుగా చేసిన పని డిక్కీ ఖాళీ చేయడం. జాకీ, పానాలు, స్టెప్నీ, నీళ్ళ బాటిళ్ళు అన్నీ దింపేసింది. ఇది నవ్వులాట కాదు. డిక్కీలో దొర్లే ఒక్క కొబ్బరికాయ సస్పెన్షన్ పోయినట్టే వినిపిస్తుంది! తర్వాత అద్దాలు దింపి, పొడవాటి ప్రహరీ గోడ పక్కగా మెల్లగా నడిపింది. చప్పుడు గోడకి తగిలి తిరిగొస్తుంది కనక ఏ వైపు నుంచో బాగా తెలుస్తుంది.

ఆ రోడ్డు మీదే బ్రేకు మీద కాలు తేలిగ్గా ఆనించి చూసింది. చప్పుడు తగ్గలేదు. తగ్గితే బ్రేకు ప్యాడ్లు వదులయ్యాయేమో అనుకోవాలి. కారు నిలబెట్టి స్టీరింగు ఈ చివరినుంచి ఆ చివరికి తిప్పింది. ఏమీ లేదు. అలా తిప్పినప్పుడు స్ప్రింగు టంగుమంటే స్ట్రట్ పైనుండే మౌంటింగు చూడాలి. కారు కదులుతూ పూర్తి మలుపు తిరిగేటప్పుడు టికటికమంటే అది సస్పెన్షనే కాదు, చక్రానికి శక్తినిచ్చే సీవీ జాయింటు. వేగంతో పాటు పెరిగే హోరు వీల్ బేరింగుది. పెద్ద గోతిలో ధబ్‌మని, ఆ తర్వాత కారు రెండు మూడుసార్లు ఊగితే అప్పుడు షాకబ్జర్ని అనుమానించొచ్చు. కిర్రుమంటూ, వాన పడిన రోజు మాత్రం ఊరుకుంటే బిరుసెక్కిన రబ్బరు.

అసలు సంగతి స్పీడ్‌బ్రేకరు దగ్గర దొరికింది. రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా తిన్నగా వెళ్తే చప్పుడు లేదు. ఒక్క చక్రం గోతిలో పడితే మాత్రం ‘టక్’! రెండు చక్రాలూ కలిసి లేచినప్పుడు స్టెబిలైజర్ బార్‌కి పెద్దగా పనుండదు. ఒకటి లేచి ఒకటి కిందుంటేనే అది మెలితిరుగుతుంది, లింకు రాడ్లని లాగుతుంది. గట్టు రోడ్డు మీద వచ్చి పెద్ద రోడ్డు మీద రాకపోవడానికీ కారణం అదే. గట్టు మీద ఒక చక్రం అంచు దిగుడులో, ఒకటి మిట్ట మీద నడుస్తాయి.

మరి ముగ్గురు మెకానిక్‌లకీ ఎందుకు దొరకలేదు? ఒక పక్క జాకీ వేసి లేపి, చక్రం ఊపి చూశారు. ఒక పక్క లేపగానే బార్ మెలితిరిగి లింకు బిగుసుకుంటుంది. అరిగిన జాయింటు కూడా గట్టిగానే ఉన్నట్టు అనిపిస్తుంది. కారుని గుంత మీద, నాలుగు చక్రాలూ నేల మీదుండగా నిలబెట్టి, కిందనుంచి లింకు పట్టుకుని ఊపమంది పిన్ని. ఊపగానే కుర్రాడి చేతిలో టకటకమని ఆడింది. రెండు వైపులా మార్చడానికి గంట పట్టింది. షాకబ్జర్లకి అయినదాంట్లో పదోవంతు కూడా కాలేదు.

లింకు రాడ్డు చప్పుడు చేసినా చాలావరకు కొన్నాళ్ళు బండి నడుస్తుంది. బాల్ జాయింటు అలా కాదు. అది పూర్తిగా ఊడితే చక్రం పక్కకి మడత పడిపోతుంది. చప్పుడుతో పాటు స్టీరింగు వదులైనా, బ్రేకు వేసినప్పుడు కారు ఒక పక్కకి లాగినా, టైరు ఒక అంచే అరుగుతున్నా, ‘ఆదివారం చూద్దాం’ అనుకోవద్దు. మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి. ఉత్త జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి మాత్రం మీరు గానీ మీవాళ్ళు గానీ తల పెట్టొద్దు.

గ్యారేజీకెళ్ళి ‘షాకబ్జర్లు మార్చండి’ అని మీరే తీర్పు చెప్పకండి. ఏ రోడ్డు మీద, ఎంత వేగంలో, ఎంతమంది కూర్చుంటే వస్తోందో చెప్పండి. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ రోడ్డు మీదే మీరు నడపండి. ‘సార్‌ని పంపండి మేడం’ అంటే, ‘నడిపేది నేనేనండీ’ అంటే సరి. తీసిన పాత సామాను తిరిగి ఇమ్మనండి. షాకబ్జర్లు మార్చాల్సే వస్తే ఎడమ కుడి జతగా మార్చాలి, ఒకటి కొత్తది ఒకటి పాతది పనికిరాదు. స్ట్రట్, లోయర్ ఆర్మ్ విప్పితే వీల్ అలైన్‌మెంట్ చూపించుకోవాలి. ఇంకో మాట. లోయర్ ఆర్మ్ బుష్‌లు మార్చినప్పుడు బోల్టుల చివరి బిగింపు కారు చక్రాల మీద నిలబడ్డాకే చెయ్యాలి. గాల్లో వేలాడుతుండగా బిగించేస్తే, కిందికి దింపగానే రబ్బరు మెలిపడి, కొత్త బుష్ కూడా తొందరగా చిరిగిపోతుంది.