వాకిటనున్న వైద్యము

రామచంద్రపురము చుట్టుపట్ల పల్లెలలో ఇంట నొకరికి జ్వరము తగిలినచో ఏమి చేయుదుము? మందుల దుకాణములో రెండు బిళ్లలు కొని ఊరకుందుము. ముదిరిన పిమ్మట కాకినాడ పెద్దాసుపత్రికి పరుగెత్తుదుము. నడుమనున్న మెట్లను మరచిపోవుదుము.

వైద్యము పల్లె వాకిటికి రావలెనని 1946లో భోర్ సంఘము సూచించినది. 1952లో సమాజాభివృద్ధి పథకముతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు వెలయసాగినవి. మైదాన ప్రాంతమున 5,000 మందికి ఒక ఉపకేంద్రము, 30,000 మందికి ఒక ప్రాథమిక కేంద్రము ఉండవలెనని నియమము.

అక్కడ పనిచేయునది డాక్టరుగారొక్కరే కాదు. ఆశా కార్యకర్త ఇంటింటికి వచ్చి గర్భిణులను గుర్తించును. నర్సమ్మ టీకాలు వేయును, రక్తపు పోటు చూచును. రక్తపరీక్షలు, మందులు ఉచితము. తమ శక్తికి మించిన రోగిని డాక్టరుగారే చీటీ వ్రాసి రామచంద్రపురము ఏరియా ఆసుపత్రికో, కాకినాడకో పంపుదురు.

ఇందులో ఒక్క మెట్టు తప్పినను ముప్పే. పోటు పెరిగిన సంగతి తెలియని గర్భిణికి ఎనిమిదవ నెలలో మూర్ఛ వచ్చినచో తల్లికి, బిడ్డకు ప్రాణాపాయము. ఆ పోటును ముందే కనిపెట్టుటకు ఉపకేంద్రములో ఐదు నిమిషములు చాలును.

కేంద్రమునకు పోవునపుడు పాత చీటీలు, వాడుచున్న మందులు వెంట తీసుకొనిపొండు. గుండెనొప్పి, ప్రమాదము, ఊపిరాడకపోవుట వంటివైనచో మాత్రము ఎక్కడికి పోవుదమా యని ఆలోచింపక వెంటనే 108కి ఫోను చేయుడు. తక్కిన వానికి మీ ఊరి కేంద్రమే తొలి గడప.