బొటనవ్రేలు లేని కోతి

ఆకులు మేయు కొండముచ్చును మన మెరుగుదుము. దానికి ఆఫ్రికాఖండమున ఒక బంధువు గలదు. నైజీరియా మొదలు ఇథియోపియా, టాంజానియాల వరకు గల అడవులలో చెట్లపై నివసించు ఆ కోతి పేరు గెరెజా. ఇది కొలోబస్ అను తెగలోనిది. గ్రీకుభాషలో ఆ పదమునకు 'కత్తిరింపబడినది' అని యర్థము. ఏలయన, దీని చేతికి బొటనవ్రేలు లేదు. ఆ చోట చిన్న బుడిపె మాత్రమే యుండును. అందుకు మనము జాలిపడ నక్కరలేదు. నాలుగు వ్రేళ్ళను కొక్కెమువలె వంచి కొమ్మను పట్టుకొని, ఇది చెట్టునుండి చెట్టునకు సునాయాసముగా దూకును.

దేహము నల్లనిది. ఇరుప్రక్కల తెల్లని పొడుగు వెండ్రుకలు శాలువవలె వ్రేలాడును. తోకకొసను తెల్లని కుచ్చు గలదు. పిల్ల మాత్రము తెల్లగా పుట్టి, కొన్ని నెలలకు రంగు మారును. తల్లియేగాక గుంపులోని ఇతర ఆడుకోతులును దానిని ఎత్తుకొని లాలించును. వేకువను మగకోతి గర్జింపగా, దూరపు గుంపులు బదులు పలుకును.

దీని ముఖ్యాహారము ఆకులు. అరలు గల కడుపులో సూక్ష్మజీవులు ఆకును పులియబెట్టి జీర్ణమొనర్చును. కొండముచ్చు కడుపును ఇట్టిదే.

19వ శతాబ్దాంతమున ఐరోపావారి ఉడుపులకై వీనిని విరివిగా చంపిరి. నేడు అడవుల నరకుటయు, వేటయు వీనికి శత్రువులు. ఘానా, ఐవరీకోస్టు దేశములలోని ఒక ఎఱ్ఱ కొలోబస్ రకము 1978 తరువాత శాస్త్రజ్ఞుల కంటబడలేదు. చెట్టే ఇల్లు, ఆకే అన్నము అయిన ప్రాణికి అడవి పోయినచో వేరొక దిక్కు లేదు.